ఇంట్లో మెరైన్ ట్యాంక్‌కి ఏ ఉప్పు కొనాలి?

మా ఇంట్లో మొదటిసారి సముద్రపు చేపల ట్యాంక్ పెట్టినప్పుడు, ఉప్పు ప్యాకెట్ మీద ధర చూసి మా అత్తయ్య నోరెళ్ళబెట్టింది. "ఇంత డబ్బు పోసి ఉప్పు కొనడమేంట్రా? రెండు కిలోల కల్లుప్పు వేస్తే ఆ చేపలు బతకవా?" అంది. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అది సరైన ప్రశ్నే అనిపించింది. దానికి జవాబు తెలిస్తే, షాపులో నాలుగు బకెట్ల ముందు నిలబడినప్పుడు వచ్చే టెన్షన్ సగం తగ్గుతుంది.

చినగంజాం, నౌపడ వైపు వెళ్ళినవాళ్ళు ఉప్పు మడులు చూసే ఉంటారు. ఉప్పునీటిని మడి తర్వాత మడికి పారిస్తూ ఎండకు ఇగరబెడతారు. నీళ్ళు చిక్కబడే కొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి సరుకు, అడుగున చేరుతుంది. తర్వాత జిప్సం దిగుతుంది. ఆ తర్వాతే మనం తినే ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు పైన మిగిలిన చేదు నీళ్ళలోనే ఉండిపోతాయి. ఆ నీళ్ళు తీసేయకపోతే ఉప్పు చేదెక్కి, చెమ్మ పడుతుంది. అంటే మంచి ఉప్పు తయారుచేయడమంటేనే సముద్రంలో ఉన్న మిగతా వాటిని వదిలించుకోవడం. చేపకూ, పగడానికీ కావలసినవి అవే.

ఎంత తేడా అంటే, 1940లో లైమన్, ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్తలు కృత్రిమ సముద్రపు నీటికి ఒక లెక్క రాశారు. కిలో నీటిలో మామూలు ఉప్పు 23.5 గ్రాములే. దాంతోపాటు మెగ్నీషియం క్లోరైడ్ 5 గ్రాములు, సోడియం సల్ఫేట్ దాదాపు 4, కాల్షియం క్లోరైడ్ 1.1, పొటాషియం క్లోరైడ్ 0.66, వంటసోడా 0.19 గ్రాములు ఉంటాయి. ఇవి కాక బ్రోమైడ్, బోరిక్ ఆమ్లం, స్ట్రాన్షియం చిటికెడు చిటికెడు. మెరైన్ సాల్ట్ బకెట్‌లో ఉండేది ఇంచుమించు ఈ మిశ్రమమే. కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది పాళ్ళలో.

అందుకే షాపులో "అక్వేరియం సాల్ట్" అని చవగ్గా అమ్మే ప్యాకెట్ దగ్గర జాగ్రత్త. అది గోల్డ్ ఫిష్‌కి జబ్బు చేసినప్పుడు వేసే మామూలు ఉప్పు. ప్యాకెట్ మీద సముద్రం బొమ్మ ఉన్నా సరే, "మెరైన్ సాల్ట్" అనో "రీఫ్ సాల్ట్" అనో లేకపోతే అక్కడే పెట్టేయండి. రొయ్యల చెరువుల వాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు: చెరువుకి వేసే మినరల్ మిక్స్ వాడొచ్చా? అది ఉన్న నీటిలో తక్కువైన దాన్ని సరిచేయడానికి వేసేది. దాంతో సముద్రాన్ని మొదటి నుంచి కట్టలేం.

## ముందు చూడాల్సినవి

మొదటిది, ట్యాంక్‌లో ఏం పెడుతున్నారు. క్లౌన్ ఫిష్, డామ్సెల్ లాంటి చేపలు మాత్రమేనా, మెత్తటి పగడాలా, గట్టి అస్థిపంజరం కట్టే పగడాలా? చేపలకు కాల్షియం 400 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీటిలో 400 పాళ్ళు) ఉన్నా 460 ఉన్నా ఒకటే. గట్టి పగడం మాత్రం రోజూ కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలో కరిగిన బైకార్బొనేట్, కార్బొనేట్‌ల లెక్క) తినేస్తూ ఉంటుంది. ఒక మాట మాత్రం గుర్తుండాలి. మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మన తీరం నుంచి తీసినవి కొనడమూ నేరమే. పగడాల సలహాలు ఎక్కువగా బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళకే పనికొస్తాయి.

రెండోది, ఆల్కలినిటీ. ఉప్పుల మధ్య అసలైన తేడా ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఆగుదాం. సముద్రంలో ఇది 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్) దగ్గర ఉంటుంది. చెరువు ల్యాబ్ రిపోర్టుల్లో పీపీఎంలో చూసి అలవాటైనవాళ్ళు 17.9తో గుణించుకోండి, 125 వస్తుంది. కొన్ని ఉప్పులు 7, 8 దగ్గర ఆగుతాయి, కొన్ని 12 దాకా వెళ్తాయి. పగడాల ట్యాంక్‌లో 7 నుంచి 10 దాకా ఏ అంకె అయినా నడుస్తుంది, కానీ ఊగకూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. మీ ట్యాంక్ 8 దగ్గర ఉంది, 12 ఉన్న ఉప్పు కొన్నారు. వారానికి పదో వంతు నీళ్ళు మారిస్తే ట్యాంక్ 8.4కి వెళ్తుంది. పగడాలు దాన్ని ఒకటి రెండు రోజుల్లో తినేస్తాయి, ఎవరికీ ఏమీ కాదు. ట్యాంక్‌లో ఏదో గొడవ జరిగి ఒకేసారి సగం నీళ్ళు మార్చారనుకోండి, అది తిన్నగా 10కి లేస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ బాగా తక్కువగా ఉంచే ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల గట్టి పగడాలు) ట్యాంక్‌లలో పగడాల కొసలు తెల్లగా మాడేది ఇలాంటప్పుడే. అంటే పదో వంతు మార్చేవాళ్ళకి ఉప్పు బ్రాండ్ గురించి జరిగే వాదనల్లో చాలా భాగం అనవసరం. ఎక్కువ నీళ్ళు మార్చే అలవాటు ఉన్నవాళ్ళకే అది ప్రాణం మీదికి వస్తుంది.

దీని నుంచి నా సలహా ఒక్కటే: ట్యాంక్‌ని ఏ అంకె దగ్గర నిలబెట్టాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, దానికి దగ్గరగా కలిసే ఉప్పు కొనండి. "ఎక్కువ కాల్షియం, ఎక్కువ కేహెచ్" అని లేబుల్ మీద రాసి ఉన్నంత మాత్రాన అది మంచి ఉప్పు అయిపోదు.

మూడోది, తేమ. దీని గురించి విదేశీ సలహాల్లో పెద్దగా కనబడదు, విశాఖలోనూ కాకినాడలోనూ ఉండేవాళ్ళకి మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. మెరైన్ సాల్ట్‌లో ఉండే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమని లాగేస్తాయి. మూత సరిగ్గా పెట్టని బకెట్ రెండు వారాల్లో ఇటుకలా గట్టిపడుతుంది. చెమ్మ తగిలిన చోట కాల్షియం, కార్బొనేట్ అక్కడే కలిసి సున్నమైపోతాయి. ఇక ఎంత కలిపినా అది కరగదు, మీ అంకెలూ రావు.

ఇప్పుడు దీన్ని ఖర్చుతో కలిపి చూడండి. వంద లీటర్ల ట్యాంక్‌కి వారానికి పది లీటర్లు మారిస్తే, లీటరుకి 36 నుంచి 38 గ్రాముల చొప్పున వారానికి సుమారు 370 గ్రాములు పడుతుంది. ఏడాదికి 19 కిలోలు. అంటే 20, 22 కిలోల పెద్ద బకెట్ కొంటే ఏడాదంతా తెరుస్తూ మూస్తూ ఉండాలి. లీటరు లెక్కన చూస్తే పెద్ద బకెట్టే చవక. కానీ చివరి ఐదు కిలోలు గడ్డ కట్టి పారేస్తే ఆ లాభం ఎక్కడిది? హైదరాబాద్‌లో, అందులోనూ పొడి కాలంలో, పెద్ద బకెట్ నడుస్తుంది. తీరంలో చిన్న ట్యాంక్ ఉన్నవాళ్ళకి నాలుగైదు కిలోల ప్యాకెట్లే మేలు, కిలోకి కొంచెం ఎక్కువ పడ్డా సరే.

ధరలు పోల్చేటప్పుడు కిలో రేటు చూడకండి. కొన్ని ఉప్పుల్లో సరుకుతోపాటు నీటి అణువులూ బరువులో కలిసి ఉంటాయి కాబట్టి, అదే ఉప్పదనం రావడానికి రెండు మూడు గ్రాములు ఎక్కువ వేయాలి. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు) నీళ్ళు లీటరు తయారుచేయడానికి ఎంత పడిందో చూడండి.

## నాలుగైదు ఉప్పులు, పక్కపక్కన

కంపెనీలు చెప్పే అంకెలు, ట్యాంక్‌లు పెట్టేవాళ్ళు మామూలుగా కొలిచి చూసే అంకెలు కలిపి సుమారుగా ఇస్తున్నాను. 35 పీపీటీ దగ్గర లెక్క ఇది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కొంత తేడా ఉంటుంది.

| ఉప్పు | ఆల్కలినిటీ (డీకేహెచ్) | కాల్షియం (పీపీఎం) | మెగ్నీషియం (పీపీఎం) | ఎవరికి |
|---|---|---|---|---|
| అసలు సముద్రం | 7 | 410–420 | 1280–1300 | కొలబద్ద |
| ఇన్‌స్టంట్ ఓషన్ | 10–11 | 400 దగ్గర | 1300 పైన | చేపలు, మెత్తటి పగడాలు |
| రీఫ్ క్రిస్టల్స్ | 11 పైన | ఇన్‌స్టంట్ ఓషన్ కంటే ఎక్కువ | 1300 పైన | డోసింగ్ (కాల్షియం, ఆల్కలినిటీ విడిగా వేయడం) లేని చిన్న రీఫ్ (పగడాల ట్యాంక్) |
| రెడ్ సీ, నీలం బకెట్ | 8 | 430–440 | 1300 దగ్గర | డోసింగ్ చేసే రీఫ్ |
| రెడ్ సీ కోరల్ ప్రో, నల్ల బకెట్ | 12 | 460 దగ్గర | 1380 దగ్గర | వేగంగా పెరిగే పగడాలు |
| ట్రోపిక్ మారిన్ ప్రో రీఫ్ | 7–8 | 440 దగ్గర | 1300 దగ్గర | ఎస్‌పీఎస్, ఆల్కలినిటీ తక్కువగా ఉంచేవాళ్ళు |

ఇన్‌స్టంట్ ఓషన్ 1960ల నుంచీ ఉన్న సరుకు. ప్రయోగశాలల్లోనూ, పెద్ద పబ్లిక్ అక్వేరియంలలోనూ ఇది బాగా వాడుకలో ఉంది. చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌కి ఇంతకు మించి ఖర్చుపెట్టాల్సిన పని నాకు కనబడదు. కాల్షియం 400 దగ్గరే ఆగుతుంది కాబట్టి గట్టి పగడాలకు విడిగా వేసుకోవాల్సి వస్తుంది.

రీఫ్ క్రిస్టల్స్ అదే కంపెనీది, కాల్షియం, ఆల్కలినిటీ పెంచిన రకం. రోజూ సీసాలు పట్టుకుని డోసింగ్ చేసే ఓపిక లేనివాళ్ళకి బాగుంటుంది. పగడాలు వారంలో తిన్నదాంట్లో కొంత నీళ్ళు మార్చినప్పుడే తిరిగొస్తుంది. కొంత మాత్రమే. పైన లెక్కలో చూశాం కదా, పదో వంతు నీళ్ళు ట్యాంక్‌ని కదిలించేది అర డీకేహెచ్ కూడా కాదు. ట్యాంక్ నిండా గట్టి పగడాలు ఉంటే ఏ ఉప్పూ డోసింగ్‌ని తప్పించలేదు.

రెడ్ సీలో రెండు బకెట్లు ఉంటాయి. పేరు దాదాపు ఒకటే, లోపలి సరుకు వేరు. నీలం బకెట్ సముద్రానికి దగ్గరగా, 8 డీకేహెచ్ దగ్గర కలుస్తుంది. నల్ల బకెట్ 12. రంగు చూడకుండా ఆర్డర్ పెట్టి, ఇదెందుకు ఇలా పెరిగిపోయిందని తల పట్టుకున్నవాళ్ళు చాలామంది. నల్ల బకెట్‌తో ఇంకో నియమం కూడా ఉంది. కలిపిన నీళ్ళని నాలుగు గంటలకు మించి తిప్పుతూ ఉంచొద్దని కంపెనీయే చెబుతుంది. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఎక్కువున్న నీళ్ళు పొంచి ఉన్నట్టే ఉంటాయి, కాస్త వేడి తగిలినా సున్నం కట్టి దిగిపోతాయి. శనివారం కలిపి డ్రమ్ములో ఉంచుకుని బుధవారం వాడుకునే అలవాటు మీకుంటే నల్ల బకెట్ జోలికి పోకండి.

ట్రోపిక్ మారిన్ జర్మనీది. త్వరగా, తేటగా కరుగుతుంది, కలిపే డ్రమ్ముకి మడ్డి పెద్దగా పట్టదు. దీనికి ధర కూడా అలాగే ఉంటుంది. రెండు క్లౌన్ ఫిష్‌ల కోసం దీన్ని కొనడమంటే ఊళ్ళో కిరాణా కొట్టుకి వెళ్ళడానికి విమానం టికెట్ తీసుకోవడమే.

ట్రేస్ ఎలిమెంట్లు (అతి కొద్దిగా ఉండే మూలకాలు), విటమిన్లు, ప్రోబయోటిక్స్ కలిపామని చెప్పుకునే ఉప్పుల గురించి ఎక్కువ రాయను. నీళ్ళు మారుస్తూ ఉంటే ట్రేస్ ఎలిమెంట్లు ఏ మంచి ఉప్పు నుంచైనా వస్తాయి. విటమిన్లు చేపకు మేతలో వెళ్ళాలి.

## మరి సముద్రం పక్కనే ఉందిగా?

విశాఖవాళ్ళు అడిగే ప్రశ్న ఇది, న్యాయమైనదే. రొయ్యల హ్యాచరీలు చాలావరకు సముద్రపు నీటినే లాగి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ పెట్టి వాడతాయి. ఇంటికి క్యాన్లలో తెచ్చుకోవడంలో తప్పు లేదు, ఉప్పు ఖర్చూ ఉండదు.

చిక్కు ఎక్కడంటే, బంగాళాఖాతం తీరంలో ఉప్పదనం ఏడాదంతా ఒకలా ఉండదు. వేసవిలో 34 పీపీటీ దగ్గర ఉండే నీళ్ళు, వానలు ముగిసే సెప్టెంబర్–నవంబర్ నెలల్లో నదుల మంచినీళ్ళు తీరం వెంట దిగువకు వచ్చినప్పుడు 30కి కిందకి పడిపోతాయి. 1872–76లో చాలెంజర్ నౌక ప్రపంచం చుట్టూ తిరిగి తెచ్చిన 77 నీటి నమూనాలను డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించాడు. సముద్రం పలచబడినా చిక్కబడినా ప్రధాన లవణాల పాళ్ళు మాత్రం మారవని తేల్చాడు. కాబట్టి పలచబడిన సముద్రపు నీళ్ళలో కొంచెం మెరైన్ సాల్ట్ వేసి 35కి తెచ్చుకోవచ్చు. కానీ హార్బర్ దగ్గరి నీళ్ళు, నగరపు మురుగు కలిసే చోటి నీళ్ళు, తుపాను తర్వాతి వారం నీళ్ళు ఎంత వడకట్టినా వద్దు. వారం వారం బీచ్ నుంచి క్యాన్లు మోసే ఓపిక ఎంతకాలం ఉంటుందో కూడా ఆలోచించుకోండి. మా స్నేహితుడొకడికి మూడు నెలలు ఉంది.

## ఉప్పు కంటే ముందు నీళ్ళు

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మొదటి ఆరు నెలలు మంచి ఉప్పే వాడాను, అయినా గాజుకి గోధుమరంగు నాచు పడుతూనే ఉండేది. ఉప్పు మార్చాను, మళ్ళీ మార్చాను. చివరికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) మీటర్ పెట్టి చూస్తే, వంటింటి ఆర్వో నుంచి వచ్చే నీళ్ళు 90. తాగే నీళ్ళ ఆర్వోల్లో రుచి కోసం మామూలు నీళ్ళను కొంచెం వెనక్కి కలిపే ఏర్పాటు ఉంటుంది. మా బోరు నీళ్ళు 800 దాటి ఉంటాయి. ఆ సిలికేట్, నైట్రేట్ అంతా ట్యాంక్‌లోకే పోతోంది. ఆ కలిపే ఏర్పాటుకి ముందే ఒక పైపు తీసి, దానికి మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెసిన్ గొట్టం తగిలించాక టీడీఎస్ సున్నాకి వచ్చింది. గాజు తేటపడింది. రెండు బకెట్ల ఉప్పు డబ్బులు అప్పటికే పోయాయి.

కాబట్టి బడ్జెట్ బిగుతుగా ఉంటే చవక ఉప్పు, మంచి నీళ్ళు ఎంచుకోండి. ఖరీదైన ఉప్పుతో బోరు నీళ్ళు కలపడం దండగ.

## ఎవరు ఏది కొనొచ్చు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో ఒక జత క్లౌన్ ఫిష్, కొంచెం రాయి, అంతే అంటే: ఇన్‌స్టంట్ ఓషన్ లేదా దానికి సమానమైన మామూలు మెరైన్ సాల్ట్. చేపలు మాత్రమే కాబట్టి స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్ళతో పోలిస్తే ఎంత బరువో చెప్పే అంకె) 1.020 నుంచి 1.025 మధ్య ఎక్కడ ఉంచినా బాగుంటాయి. కింది అంకె దగ్గర ఉంచితే ఉప్పూ కలిసొస్తుంది. రేపు రొయ్యో, ఎనిమోనో పెట్టాలనిపిస్తే మాత్రం మెల్లగా 1.025కి తీసుకెళ్ళాలి.

తీరంలో ఉండి, తేమతో వేగేవాళ్ళు బ్రాండ్ కంటే ప్యాకెట్ సైజు చూసుకోండి. ఒక ప్యాకెట్ విప్పితే అది రెండు మూడు నెలల్లో అయిపోవాలి. మిగిలితే స్టీలు డబ్బాలో కాకుండా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పోయండి, స్టీలుకి తుప్పు పడుతుంది.

డాలస్‌లోనో సిడ్నీలోనో గట్టి పగడాల ట్యాంక్ నడుపుతూ డోసింగ్ పంపు పెట్టుకున్నవాళ్ళు నీలం బకెట్ రెడ్ సీ, ట్రోపిక్ మారిన్ లాంటి 7–8 డీకేహెచ్ ఉప్పుల్లో ఒకటి పట్టుకుని దాన్నే కొనసాగించండి. డోసింగ్ ఇంకా మొదలుపెట్టకుండా, మెత్తటి పగడాలూ రెండు మూడు ఎల్‌పీఎస్‌లూ (పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలు) ఉంటే రీఫ్ క్రిస్టల్స్ సుఖం.

ఏది ఎంచుకున్నా, మీ ఊళ్ళో ఆర్నెల్ల తర్వాత కూడా దొరుకుతుందా అని ఆరా తీయండి. ఒకసారి సరుకు రాక ఆగిపోయి, నేను ఒక షాపులో విడిగా తూకం వేసి కవర్లో కట్టిన ఉప్పు కొన్నాను. కలిపి కొలిస్తే ఆల్కలినిటీ 5. పెద్ద బస్తాలో సన్నటి రేణువులు కిందికి, పెద్దవి పైకి చేరతాయి, మనకి ఏ పొర వచ్చిందో తెలియదు. ఆపైన ఎన్నాళ్ళు గాలి తగిలిందో. విడి ఉప్పు ఎంత చవకైనా వద్దు. సొంత బకెట్‌నైనా వాడేముందు అటూ ఇటూ నాలుగుసార్లు దొర్లించండి.

## కలిపేటప్పుడు, మార్చేటప్పుడు

నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. తలకిందులు చేస్తే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం సున్నమై నీళ్ళు పాలలా తెల్లబడతాయి. చిన్న పంపు పెట్టి తిప్పుతూ గుప్పెడు గుప్పెడు వేయండి, అంతా కరిగాకే హీటర్. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఆర్వో నీళ్ళతో సున్నా చేస్తే చాలదు, 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి. చెరువుల దగ్గర వాడే సెలినిటీ మీటర్ అయినా ఇదే మాట.

ఎండాకాలంలో ట్యాంక్ నీళ్ళు ఇగిరితే మామూలు ఆర్వో నీళ్ళే పోయాలి. పులుసు మరిగే కొద్దీ ఉప్పెక్కినట్టే, ఇక్కడా పోయేది నీళ్ళే.

ఉప్పు మార్చాలనుకుంటే కొత్తది ఒక బకెట్ కలిపి, ఆల్కలినిటీ, కాల్షియం కొలవండి. ట్యాంక్‌కి ఒక డీకేహెచ్ లోపు తేడా ఉంటే తర్వాతి మార్పు నుంచే వాడుకోవచ్చు. అంతకన్నా ఎక్కువుంటే పదో వంతు చొప్పున నాలుగైదు వారాలు తీసుకోండి, మధ్యలో ఆత్రపడి సగం నీళ్ళు మార్చకండి.

గడ్డ కట్టిన పాత ఉప్పుని పారేయడానికి మనసొప్పదు, తెలుసు. దాన్ని రోకలితో దంచి కలిపినా అంకెలు రావు, నేను ప్రయత్నించాను. మా అత్తయ్య మాత్రం ఆ గడ్డల్ని సంచిలో కట్టుకుని అమలాపురం తీసుకెళ్ళి కొబ్బరి చెట్ల మొదళ్ళలో వేయించింది.